నైటీకి జేబు లేదు

రాత్రి పన్నెండున్నరకి ఫోను చెప్పింది:
ఇవాళ్టి నడక, నాలుగొందల పన్నెండు అడుగులు.
అబద్ధం.

హాల్లోంచి వంటింట్లోకి, వంటింట్లోంచి బాల్కనీలోకి
భుజం మీద వీడు, వీడి కింద నేను,
ఎన్నిసార్లు తిరిగానో గచ్చుకి తెలుసు.
ఫోను మాత్రం టీవీ పక్కన పడుకుని ఉంది.
నైటీకి జేబు లేదు.

కస్తూరినగర్‌లో మూడో అంతస్తు.
లిఫ్టుకి ఉగాది నుంచీ జ్వరం.
ఆపరేషను కుట్టు మానిందన్నారు డాక్టరమ్మ.
కుట్టు కింద ఇంకేదో మానలేదని
తుమ్మొచ్చిన ప్రతిసారీ
కాళ్లు దగ్గరికి పెట్టుకుని నిలబడే నాకు తెలుసు.

అమ్మ ఉన్న మూడు నెలలూ పథ్యం.
పొద్దున్నే కాయం ఉండ, వెల్లుల్లి కారం,
నేతిలో మునిగిన మొదటి ముద్ద.
అమ్మ ధర్మవరం రైలెక్కాక
పథ్యం కూడా ఆమె సంచిలోనే వెళ్లిపోయింది.
ఆ తర్వాత నా భోజనం ఇదీ:
వీడు ఉమ్మేయగా మిగిలిన రాగిజావ,
రస్కులు (లెక్కపెట్టలేదు, పెట్టను),
మూడింటికి పొయ్యి దగ్గర నిలబడి
గిన్నెలోంచే పెరుగన్నం,
అర్ధరాత్రి ఫ్రిజ్ వెలుతుర్లో
నైట్ షిఫ్ట్ నుంచి వచ్చే మనిషికని దాచిన
మైసూర్ పాక్.

మెట్లు కడిగే గంగవ్వది రాయచూరు.
సగం కన్నడం, సగం మన మాట.
ఓ రోజు తెరిచిన తలుపులోంచి చూసింది:
ఎడమ చంకలో పిల్లాడు, కుడిచేతిలో గరిటె,
గరిటెలోంచే నా నోట్లోకి అన్నం.
"ఏమక్కా, బస్సు పోతాదా ఏం?"

నవ్వొచ్చింది. ఏడుపూ వచ్చింది.
ఏది ముందో చెప్పలేను.

చీపురు గోడకి ఆనించి, చేతులు కడుక్కుని
వాణ్ణి అందుకుంది.
"కూకోని తిను."

కూర్చున్నాను, నేల మీద, కంచం ముందు.
సంగటి, పాలకూర పప్పు.
పదకొండు నిమిషాలు పట్టింది.
వేడి ముద్ద ఎలా ఉంటుందో మరిచిపోయానని
నాలుక కాలాకే తెలిసింది.

మర్నాటి నుంచి రెండు కంచాలు.
గంగవ్వ మెట్లు మా అంతస్తుకి వచ్చేసరికి
పప్పు ఉడికి ఉండాలి. అదే నా గడియారం.
ముందు తను తింటే వాడు నా ఒళ్లో,
ముందు నేను తింటే తన ఒళ్లో.

ఇక వ్యాయామం.
వెల్లకిలా పడుకుని, ఊపిరి వదులుతూ
బొడ్డుని వెన్నుకి తాకించమంది ఫిజియో అమ్మాయి.
తాకదు. ఎక్కడో దారిలో ఆగిపోతుంది.
వీడు పాక్కుంటూ వచ్చి
ఆ వదులు పొట్ట మీద రెండు చేతులూ వేసి కొడతాడు,
ఒకప్పుడు అద్దెకున్నవాడు
పాత ఇల్లు చూసుకోడానికి వచ్చినట్టు.
పదిసార్లు చేయాల్సింది ఆరుసార్లు చేస్తాను.
నవ్వితే కూడా అక్కడ బిగుస్తుందట.
అది కలుపుకుంటే పదే.

సాయంత్రం మెట్లు.
మొదట్లో ఒక అంతస్తు దిగి కూర్చునేదాన్ని.
ఇప్పుడు గేటు దాకా, గేటవతల కానుగ చెట్టు దాకా.
వాడికి జ్వరమొచ్చిన నాలుగు రోజులూ ఏమీ లేదు,
రస్కుల పొట్లం మొత్తం తినేశాను.
అయిదో రోజు మళ్లీ దిగాను.
కానుగ చెట్టు ఏమీ అడగలేదు.

తూకం యంత్రాన్ని మంచం కిందికి తోసేశాను.
చివరిసారి ఏడొందల గ్రాములు తగ్గానంది.
అందులో సగం, దువ్వెనకొచ్చిన నా జుట్టే అయి ఉంటుంది.

నిన్న టైలరు షమీమా దగ్గర
రెండు నైటీలకి జేబులు కుట్టించాను,
కుడి పక్క, లోతుగా.
"ఫోనుకా మేడమ్?" అంది. అవునన్నాను.

ఇవాళ జేబులో
గుప్పెడు వేయించిన పల్లీలు,
వాడి సాక్సు ఒకటి, ఇంటి తాళం.
ఫోను టీవీ పక్కనే ఉంది.
నాలుగొందల పన్నెండే అనుకోనీ.